ఎండుగడ్డిలోని వసంతము

వసంతమనగానే మన మనస్సున మెదలు చిత్రము ప్రబంధకవులు చిరకాలముగా తీర్చిదిద్ది మనకప్పగించినది. మావిచిగురు, మల్లెపొద, మలయమారుతము, కొలనిలో తామర, గున్నమావిపై కోయిల: ఈ సంభారమంతయు సమకూడనిదే ఋతురాజు విచ్చేయలేదని మనకొక నమ్మకము. ఆ నమ్మకమును వెంటబెట్టుకొని ఫాల్గుణమాసమున ఒక ఉదయము దిల్‌సుఖ్‌నగర్ నుండియో ఎల్.బి.నగర్ నుండియో బయలుదేరి, విజయవాడ రహదారిపై కొలదిదూరము సాగి, మహావీర హరిణ వనస్థలిలో అడుగిడినవారికి మొదట కలుగునది ఆశాభంగమే. పచ్చదనము కానరాదు, నీడ పలుచన, కనుచూపు మేర నేలయెల్ల ఎండి పసుపువారిన గడ్డి, నడుమనడుమ ఆకురాల్చిన ముండ్లపొదలు, బూడిదవన్నె రాళ్ళు. ఇది వసంతమా, గ్రీష్మమునకు నాందియా అను సందేహము పుట్టును. ఈ ఎండుగడ్డియే మన దక్కను పీఠభూమికి సహజమైన వసంతవేషమనియు, దీని వెనుక దాగిన జీవసంపద ఏ నందనవనమునకును తీసిపోదనియు, దీనిని బీడని తలచుటవలన మనము చాల పోగొట్టుకొనుచున్నామనియు మనవి చేయుటకే నేటి ఈ ప్రసంగము.

తూర్పు హైదరాబాదు వాసులకు వసంతము మొన్నమొన్నటివరకు కొత్తపేట పండ్లమార్కెట్టు మీదుగా వచ్చెడిది. లారీలనుండి దించిన మామిడికాయల గుట్టలు, వాటిపై పరచిన వరిగడ్డి వాసన, తెల్లవారుజామున వేలంపాటల కేకలు ఆ చుట్టుప్రక్కల ఇండ్లవారికి పంచాంగముకంటె ముందుగా ఋతువు మారిన వార్తను చెప్పెడివి. ఆ మార్కెట్టు నగరము వెలుపల బాటసింగారమునకు తరలిపోయినది. 2018 సెప్టెంబరులో మెట్రోరైలు అమీరుపేటనుండి ఎల్.బి.నగర్ వరకు వచ్చినది. నేడు దిల్‌సుఖ్‌నగర్ కూడలిలో నిలుచున్న వానికి బట్టల దుకాణములును, కోచింగు సెంటర్ల బోర్డులును, తలమీదుగా సాగు రైలుబండ్లును తప్ప ఋతువును తెలుపు గుర్తొక్కటియు దొరకుట కష్టము. అయినను ఆ కూడలికి కూతవేటు దూరమున 1626లో కుతుబ్‌షాహీల కాలమున వెలసిన సరూర్‌నగర్ చెరువు ఇంకను ఉన్నది. మరికొంత తూర్పుగా సాగినచో, చుట్టును కాలనీలు కట్టుకొనిపోయిన నడిమిభాగమున, 3,605 ఎకరాల అడవి ఇంకను ఉన్నది.

ఈ ప్రాంతమంతయు ఒకనాడు అడవియే యనుటకు కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి ఆలయ స్థలపురాణమొక్కటి చాలును. కాకతీయ ప్రభువొకడు వేటకై ఇచటికి వచ్చి, పులిగర్జన విని, ఆ ధ్వనిని అనుసరించి పోగా, దట్టమైన పొదల నడుమ ధ్యానమగ్నుడైన స్వామి దర్శనమిచ్చెనని భక్తులు చెప్పుకొందురు. కథలోని పులి మాట ఎట్లున్నను, వేట మాట మాత్రము చరిత్రకు దూరమైనది కాదు. వనస్థలి భూమి నిజాము ప్రభువుల వేటభూమి. ప్రభువులకు తప్ప అన్యులకు ప్రవేశము లేకపోవుటచేత గొడ్డలియు నాగలియు అందులో అడుగుపెట్టలేదు. చంపుటకై కాచిన నేల, ఆ కాచుటవలననే బ్రదికినది. 1975లో వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ మహోత్సవముల స్మారకముగా దీనిని జింకలవనముగా నెలకొల్పి, ఆ అహింసామూర్తి పేరుపెట్టిరి. 1994లో ఇది జాతీయోద్యానమైనది. శాకుంతలము ప్రథమాంకమున కృష్ణసారమును తరుముకొనివచ్చిన దుష్యంతుని ఆశ్రమవాసులు అడ్డగించి, ఇది చంపదగినది కాదని విల్లు దించునట్లు చేసిన సన్నివేశము మనకందరకు తెలిసినదే. ఆ ఘట్టము ఒక నేలయొక్క చరిత్రలో నిజముగా జరిగిన చోటు మన ఊరి శివారుననే ఉన్నదని నాకు ఎప్పుడును గర్వము.

ఇక పువ్వుల మాట. వర్షాధారమైన మన మెట్టయడవిలో చెట్టు చలికాలము చివర ఆకులను రాల్చివేయును. నేలలోని తడి తరిగిపోవుచున్నపుడు ఆకులద్వారా ఆవిరియై పోవు నీటిని ఆదా చేసికొనుటకు దానికిదే ఉపాయము. ఆకులు లేని ఆ విరామముననే అనేక వృక్షములు పూచును. ఆకుల మరుగు లేకపోవుటచేత పువ్వు దూరమునుండియే పక్షికిని తేనెటీగకును కనుపించును. కావున మన వసంతము చిగురుతో కాక పువ్వుతో మొదలగును. చిగురు తరువాత వచ్చును. ఈ క్రమమునకు మోదుగుకంటె చక్కని సాక్షి లేదు. ఏడాదిలో పదిమాసములు ఎవరును కన్నెత్తి చూడని వంకరటింకర చెట్టది. ఫాల్గుణము రాగానే ఒక్క ఆకైనను లేని కొమ్మలనిండ కాషాయమును కలిసిన ఎరుపుతో విరియును. ప్రతి పువ్వును చిలుకముక్కువలె వంగియుండును. మొగ్గను పట్టియుండు తొడిమ నల్లని మఖమలువలె మెత్తగా నుండును. ఆ నలుపుపై ఆ ఎరుపు మరింత రగులును. పరిమళము లేనిదని సంస్కృతకవులు ఈ పువ్వును రూపముండి విద్యలేనివారికి ఉపమానముగా వాడిరి. ఆ నింద నాకు సమ్మతము కాదు. మోదుగు పిలుచునది వాసనను వెదకికొనివచ్చు కీటకములను కాదు, రంగును చూచి వచ్చు పక్షులను. తెల్లవారగనే చెట్టుక్రింద నిలుచుండి చూడుడు: గోరింకలు, చిలుకలు, తేనెపిట్టలు, తోక చీలిన నల్లని ఏట్రింతలు కొమ్మకొమ్మకు వ్రాలి, పూవులో ముక్కు దూర్చి, నొసట పుప్పొడి పూసికొని మరల ఎగిరిపోవును. ఎవరిని పిలువవలెనో తెలిసిన పువ్వునకు అన్యులు మెచ్చు సుగంధముతో పనియేమి? మన తెలంగాణపు పల్లెలలో మోదుగాకు విస్తరాకైనది. పువ్వు ఉడికించిన నీరు హోలీ రంగైనది. దాశరథి రంగాచార్యులు తమ నవలకు ఈ పూలపేరే పెట్టుకొన్నారు.

మోదుగు తరువాతి వంతు వేపది. ఉగాది పచ్చడికై మనము గుప్పెడు పువ్వులు దులుపుకొనివచ్చి అంతటితో దానిని మరచిపోవుదుము గాని, పూతమీదనున్న వేపచెట్లగుండా వేకువజామున నడచినవారికి ఆ తేనెవంటి వాసన ఎంత దూరము వెంటవచ్చునో తెలియును. కానుగ ఆ దినములలో లేతాకుపచ్చ చిగురు తొడిగి అందరికంటె మిన్నగా మెరయును. కొంచెము ఆలస్యముగా, తెలుపును ఊదాయును కలిసిన చిరుపూవులను నేలమీద చల్లును. ఈ వనమున విస్తారముగా నున్నది దిరిసెన కులమునకు చెందిన ఒక పొట్టిచెట్టు, శాస్త్రజ్ఞులు అల్బిజియా అమారా అందురు. ఈకలవంటి సన్నని ఆకులు, ఎండ ముదిరిన కొలది విరియు కుచ్చులవంటి లేతపసుపు పువ్వులు. దాని తరువాత చెప్పదగినది శ్రీగంధము. గంధపుచెట్టు తన వేళ్ళను పొరుగుచెట్ల వేళ్ళకు తగిలించి కొంత ఆహారమును వాటినుండి గ్రహించునని ఎరుగనివారు, దానిని ఒంటరిగా నాటి పెరుగలేదని వగచుట కలదు. దాని పండ్లను తిన్న పికిలిపిట్టలును కోయిలలును విత్తనములను పొదల మరుగున విడుచును. అచట తోడుచెట్ల నీడన మొలక లేచును. మనము నాటిన వరుసలకంటె పిట్ట నాటిన గంధమే బాగుగా నిలుచుటకు కారణమిదియే.

ఇంతవరకు తలయెత్తి చూచిన పువ్వులు. తలవంచి చూడవలసినవి ఇంకను ఎక్కువ. గడ్డి పలుచబడిన చోట విష్ణుక్రాంతము నేలకు అంటిపెట్టుకొని చిటికెనవ్రేలి గోరంత నీలిపువ్వును తెరచును; ప్రొద్దున మాత్రమే తెరచును, ఎండ ముదిరినచో ముడుచును. పల్లేరు పసుపుపువ్వు అందముగనే యుండును గాని దాని కాయమీద కాలు వేసినవారెవరును దానిని పొగడరు. గడ్డిచామంతి బాటపొడవునను ఉండును. చిన్ననాట పలకలను తుడుచుటకు మనము నూరిన ఆ ఆకు మధ్య అమెరికానుండి వచ్చిన పరదేశి. బ్రహ్మదండి మెక్సికోనుండి వచ్చినది. లాంటానా పొద కూడ అట్టి పరదేశియే, ముద్దులొలుకు రంగుల గుత్తులు, వాటిపై సీతాకోకచిలుకలు, కాని తానున్నచోట మరియొక గడ్డిపరకను మొలవనీయని స్వార్థపరురాలు. పువ్వు అందమును చూచి దానిని క్షమించుట నాకు చేతకాదు.

జిల్లేడును చూచి పోకుడు. శివునికి ప్రీతియని పూజకు కోయుదుము గాని అది నిలిచియున్నచోటనే ఒక చిన్న లోకము. దాని పాలు విషము. ఆ విషపు ఆకులనే తిని పెరుగు పసుపు నలుపు తెలుపు పట్టెల గొంగళిపురుగొకటి కలదు. ఆ విషమును తన దేహమున దాచుకొని అది నారింజవన్నె సీతాకోకచిలుకయై ఎగిరినపుడు, ఒకసారి రుచి చూచిన పక్షి మరల దాని జోలికి పోదు. నీలిఛాయగల పెద్ద నల్లతుమ్మెద వచ్చి జిల్లేడు పువ్వులను పరాగసంపర్కము చేయును. ఒక్క జిల్లేటి మొక్కవద్ద అరగంట కూర్చుండు ఓపిక గలవారికి వనమంతయు తిరుగనవసరము లేదని నా అభిప్రాయము.

అయినను తిరుగుదురుగాక. ఏలయన ఈ వనమునకు పేరు తెచ్చినది కృష్ణజింక. మగదానిని మన పెద్దలు ఇర్రి యనిరి, ఆడుదానిని లేడి యనిరి. లేడికి ఒడలు లేతగోధుమవన్నె, కొమ్ములు లేవు. ఇర్రికి వయసు వచ్చిన కొలది వీపు నలుపెక్కును, కడుపును కంటిచుట్టును మాత్రము తెల్లగా మిగులును, కొమ్ములు మెలితిరిగి మూడునాలుగు చుట్లతో పైకి లేచును. దుప్పికొమ్ములవలె ఇవి ఏటేట ఊడి మరల మొలచునవి కావు, జీవితమంతయు నిలుచునవి. మార్చినుండి మే వరకు వీటికి ముఖ్యమైన జతకట్టు కాలము. అప్పుడు బలముగల ఇర్రి కొంత బయలును తనదిగా ఎంచుకొని, ఒకేచోట పెంటిక వేయుచు, కంటిక్రింది గ్రంథినుండి వచ్చు జిగురును పుల్లలకు రాయుచు హద్దులను ఏర్పరచుకొనును. మెడను వెనుకకు వంచి, కొమ్ములను వీపుపై వాల్చి, తోకను పైకి చుట్టి, తన భూమిలో అది నడచు నడకలోని ఠీవిని ఒకసారి చూచినవారు మరువలేరు. ప్రక్క బయలువాడు హద్దు దాటినచో కొమ్ములు కొమ్ములకు తగిలిన ధ్వని గాలిలో స్పష్టముగా వినవచ్చును.

మంద బెదరినపుడు ముందుగా ఒక లేడి నిట్టనిలువుగా గాలిలోకి ఎగయును, దానివెనుక మరియొకటి, క్షణములో మందయంతయు ఎగసి ఎగసి, తరువాత నేలపట్టున పరుగందుకొనును. గంటకు 80 కిలోమీటర్ల వేగము దానికి కొత్తకాదు. ఇంతటి వేగము దీనికేల అబ్బినది? ఈ బయళ్ళలోనే ఒకనాడు దీనిని తరుమగల మృగము, చీతా, ఉండెడిది గనుక. మొగలాయీలు మొదలు దక్కను సంస్థానాధీశుల వరకు చీతాను మచ్చికచేసి, కండ్లకు గంతలు కట్టి బండిపై తీసికొనిపోయి, జింకలమీదికి వదలి వినోదించిరి. 1952లో భారతదేశమున చీతా నశించినదని ప్రకటించిరి. 2022 సెప్టెంబరులో ఆఫ్రికానుండి తెచ్చిన చీతాలను మధ్యప్రదేశములోని కూనోలో విడిచిరి గాని, మన వనస్థలిలోని జింకకు తనను తరుమువాడెవడో తెలియదు. వేటగాడు పోయినను, వాడు నేర్పిన పరుగు దాని కాళ్ళలో మిగిలియున్నది.

పిట్టల మాట చెప్పకపోయినచో శ్రోతలు నొచ్చుకొందురు. 1931 మొదలు సలీం అలీ మహాశయుడు నిజాము రాజ్యమంతట తిరిగి పక్షుల లెక్క వ్రాసి పెట్టినాడు. మన నేలపిట్టలను గూర్చి శాస్త్రీయముగా వెలువడిన తొలి రచనలలో అది ముఖ్యమైనది. పాలపిట్టను మనము విజయదశమినాడు మాత్రమే వెదకుదుము. పంజరమున బంధించి ఎదుట పెట్టి డబ్బులడుగువారును, ఇచ్చువారును ఉన్నారు, అది పాపమనియు నేరమనియు తెలిసికూడ. ఆ పిట్ట సౌందర్యమును చూడవలసినది దసరాకు కాదు, చైత్రమున. కూర్చున్నపుడు మట్టిరంగుగా తోచు ఆ పక్షి, ఆడుదానిని మెప్పించుటకై పైపైకి ఎగిరి, అచటనుండి పిల్లిమొగ్గలు వేయుచు క్రిందికి జారునపుడు, రెక్కలలోని రెండు నీలిరంగులును ఒక్కసారి విచ్చుకొనును. చెట్టుతొర్ర దొరకినచోట గ్రుడ్లు పెట్టును. పుచ్చినదని కొట్టివేసిన ప్రతి ముదుసలిచెట్టును ఒక పాలపిట్ట ఇల్లు కావచ్చును. తీతువు అరచిన అశుభమని మనవారు భయపడుదురు. పాపము, అది నేలమీదనే గులకరాళ్ళ నడుమ గ్రుడ్లు పెట్టుకొని, మన అడుగు వాటిమీద పడునేమో యని గుండె పగులునట్లు అరచుచున్నది. ఆ కేక వినినపుడు కీడు శంకింపక, ఆగి, పాదము మోపుచోటును చూచుకొనుట మంచిది.

కవుజులు, పూరేళ్ళు, ఉడుములు, ముంగిసలు, ఏదుపందులు, వసంతమున తల ఎర్రబారి గర్వించు తొండలు, ఇట్లు వరుస పెంచుకొనుచు పోవచ్చును గాని, వీటన్నిటిని కలిపి కాపాడుచున్నదానిని గూర్చి రెండు మాటలు చెప్పవలెను. అది మొదట మనలను నిరాశపరచిన ఎండుగడ్డియే. పైకి చచ్చినట్లున్న ఆ దుబ్బు వేళ్ళలో ప్రాణమున్నది. తొలకరి చినుకునకు అది లేచును. అంతవరకు ఆ ఎండుపరకలే పూరేటి గూటికి కప్పు, జింకపిల్లకు మరుగు, మట్టికి కట్టు. కృష్ణజింకకు అడవి దట్టముగా నుండుట ఇష్టము లేదు. దూరమువరకు చూపు పారవలెను, పరుగునకు తావుండవలెను. ఇది తెలియక మనము ఖాళీ కనబడినచోటనెల్ల మొక్కలు నాటుట పుణ్యమనుకొనుచున్నాము. నగరవీధిలో చెట్టు నాటుట పుణ్యమే, సందేహము లేదు. కాని గడ్డిబయలును చెట్లతో నింపుట, అందునను నీలగిరియు సుబాబులును నింపుట, అచటి జీవులకు ఇల్లు మూసివేయుటయే యగును. పూర్వపు లెక్కలలో మన ఊళ్ళచుట్టును కంచెలనియు గైరాన్‌లనియు వ్రాసియున్న మేతభూములు ఒకటొకటిగా ప్లాట్లైపోయినవి; అవి వట్టి బీళ్ళు గదా యని ఎవరును విచారింపలేదు. కృష్ణసారము సహజముగా సంచరించు దేశమే యజ్ఞయోగ్యమైన దేశమని మనుస్మృతి నిర్ణయించినది. అనగా ఆనాటివారు భూమి మేలిమిని కొలిచినది ఇట్టి గడ్డినేలతోనే. మనము దానిని వ్యర్థభూమి యనుచున్నాము. ఈ రెంటిలో ఏది సరియైన దృష్టియో, తెల్లవారుజామున వనస్థలి బయలులో నిలుచుండి జింకలమందను చూచినవారు నిర్ణయింతురుగాక.

చూడబోవువారికి కొన్ని మాటలు. ఎండ ముదురకముందే చేరుడు. ఎనిమిది దాటినచో పిట్టలు సద్దుమణగును, జింకలు నీడలకు తొలగును. తెలుపు, ఎరుపు వస్త్రములకంటె మట్టిరంగువి మేలు. జింకలకు అన్నము, బిస్కెట్లు పెట్టుట దయ కాదు. వాటి కడుపు గడ్డిని అరిగించుకొనుటకు ఏర్పడినది, మన పిండివంట దానికి ప్రాణాంతకము కావచ్చును. ఈ నెలలలో ఎండుగడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలును గనుక అగ్గిపెట్టెను ఇంటివద్దనే విడుచుడు. బాటను వదలి పువ్వుకై పొదలోనికి పోకుడు. ఎప్పుడైన గడ్డిలో ఒంటరిగా పడుకొని, మీరు దగ్గరకు వచ్చినను కదలని జింకపిల్ల కనబడినచో, అది తల్లిని కోల్పోయినదని జాలిపడి ఎత్తుకొనకుడు. పుట్టిన తొలిదినములలో తల్లి దానిని అట్లే దాచి మేతకు పోవును. పాలిచ్చు వేళకు తిరిగి వచ్చును. మనము చేరువనే నిలుచున్నంతసేపు ఆ తల్లి దూరముననే ఆగిపోవును. కావున వెంటనే అచటనుండి తొలగిపొండు, ఇంకొకరికి దాని జాడ చెప్పకుడు.